ఊ కొట్టేవాడి పేరు

శుక్ర, శనివారాల సెలవయ్యాక ఆదివారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి ప్రింట్ రూమ్ తలుపు వేసి ఉంది. నేను ఆ ఆఫీసులో చేరిన ఏడేళ్ళలో నా కంటే ముందు ఆ తలుపు తెరుచుకోని రోజు లేదు. తాళం వంక చూస్తూ నిలబడితే, గేటు దగ్గరి నేపాలీ సెక్యూరిటీ అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. "మేడం, ఆప్కా భాయ్ గుజర్ గయా" అన్నాడు. మీ అన్న పోయాడు అని.

శనివారం మధ్యాహ్నం లేబర్ క్యాంప్‌లో అన్నం తిని మంచం మీద ఒరిగిన మనిషి, గుండెలో పట్టేసినట్టుంది అన్నారట. పక్క మంచం అతను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, అది వచ్చేలోపే అయిపోయింది. నేను ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతున్నాను. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు, కానీ అదే మాటిమాటికీ గుర్తొస్తోంది.

ఆయన నాకు అన్న కాదు. నాది కాకినాడ, ఆయనది జగిత్యాల వైపు ఒక పల్లె. దోహాలో అల్ సద్ దగ్గరి మా ఇంజనీరింగ్ కన్సల్టెన్సీలో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఏ డ్రాయింగ్ ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఎన్నోసారి మార్చారు, ఏ సైటుకు పంపారు అనేది ఎక్కడా తప్పిపోకుండా చూడటం నా పని. ఆయన ప్రింట్ రూమ్ మనిషి. షటరింగ్ కార్పెంటర్‌గా ఈ దేశం వచ్చి, ఏళ్ళ తరబడి సైట్లలో చెక్కలు కొట్టి, నడుము పట్టేశాక ఎవరో ఇంజనీరు మాటసాయంతో మా ఆఫీసుకు చేరారు. ఆఫీసంతా ఆయన్ని కార్డు మీదున్న పేరు పెట్టి పిలిచేది. వయసులో అంత పెద్దాయన్ని అలా పిలవడానికి నాకు నోరు రాక, మొదటిరోజే "అన్నయ్యగారూ" అన్నాను. "గారు ఎందుకు చెల్లె, అన్నా అంటె సాలదా?" అని నవ్వారు. నేను గారు వదల్లేదు, ఆయన చెల్లె వదల్లేదు.

ప్రతి డ్రాయింగ్‌కీ కుడివైపు అడుగున ఒక పెట్టె ఉంటుంది. గీసినవాళ్ళ పేరు, సరిచూసినవాళ్ళ పేరు, మార్చినవాళ్ళ పేరు అందులో ఉంటాయి. ఏడో తరగతితో చదువు ఆపేసిన ఆయన ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఆ పెట్టెల్లోంచే. ప్రింట్ తీసేముందు చూపుడువేలు ఆ పేర్ల మీద పెట్టి, పెదాలు కదుపుతూ ఒక్కొక్కటీ చదివేవారు. ఒకసారి పెద్ద ఇంజనీరొకాయన హడావుడిగా వచ్చి, పెట్టె ఖాళీగా ఉన్న షీటు ప్రింట్ తీయమన్నాడు. ఈయన చేతులు కట్టుకుని, "సార్, నేమ్ మాఫీ. నేమ్ మాఫీ, ప్రింట్ మాఫీ" అన్నారు. పేరు లేదు, ప్రింటూ లేదు. ఇంజనీరు మండిపడుతూ వెళ్ళి పేరు వేయించుకునే వచ్చాడు. నేను బల్ల కింద మొహం దాచుకుని నవ్వాను.

ఇక నా పిచ్చి గురించి చెప్పాలి. నాకు కథల ఆట పిచ్చి ఉంది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులు. గుహలోకి వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం, వెళ్ళాక ప్రాణాలతో బయటపడతారా లేదా అన్నది పాచికల ఇష్టం. అలాంటి ఒక ఆట రూల్స్‌ని విదేశాల్లో ఎవరో రాసి, ఓపెన్ లైసెన్స్ కింద అందరికీ వదిలేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. రెండే షరతులు. మా పేరు చెప్పండి, మీరు చేసినదాన్ని కూడా ఇలాగే అందరికీ వదలండి. ఒక వేసవంతా ఏసీ కింద కూర్చుని దాన్ని తెలుగులోకి తెచ్చాను. మా ఆయన "ఇంత శ్రద్ధ వంట మీద పెడితే" అని మొదలుపెట్టి, నా మొహం చూసి అక్కడే ఆపేశాడు.

మేనేజర్‌ని అడిగి, నా కాగితం నేనే కొనుక్కుని, ప్రింట్ రూమ్‌కి తీసుకెళ్ళాను. ఆయన మొదటి పేజీ తీసి పట్టుకున్నారు. అట్ట మీద మంచి బొమ్మ పెట్టాను. కొండగుహ, దాని ముందు దీపం పట్టుకున్న ఆడమనిషి.

"గిది ఎవలు గీసిండ్రు చెల్లె?"

"నెట్‌లో దొరికింది అన్నయ్యగారూ."

"నెట్టు గీసిందా?"

వృత్తిరీత్యా రోజూ ఇతరులను అడిగే ప్రశ్న అది. ఇవి అందరికీ వదిలేసిన రూల్స్ అనీ, లైసెన్స్ అంటే ఇదీ అనీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "రూల్సు వదిలిండ్రు, సరే. బొమ్మ ఎవలు వదిలిండ్రు?" అన్నారు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు నేను అప్పుడే కాగితం మీద రాసుకున్నాను. "గీసినోడు ఇంటి తలుపు తీసి పెట్టిండనుకో. మంచిగ లోపలికి పోవచ్చు, కూసోవచ్చు, నీళ్ళు తాగొచ్చు. ఇది ఎవలిల్లు అని అడిగితె మాత్రం ఆయిన పేరు చెప్పాలె. తలుపు తియ్యనోని ఇంట్లకు మాత్రం పోవద్దు చెల్లె." లైసెన్స్ గురించి నేను పదిహేను పేజీలు చదివి అర్థం చేసుకున్నది ఆయన ప్లాటర్‌కి, అంటే పెద్ద షీట్లు తీసే ప్రింటర్‌కి, చేరబడి చెప్పేశారు.

ఆ బొమ్మ గీసిన ఆవిడ ఎవరో కనుక్కోవడానికి వారం పట్టింది. ఆవిడకు ఉత్తరం రాస్తే, "నా బొమ్మ మీ భాషలోకి వెళ్తోందంటే సంతోషం, వాడుకోండి, పేరు వేయండి చాలు" అని జవాబు వచ్చింది. దాన్ని తెలుగులో రెండుసార్లు చదివించుకున్నారాయన. అప్పుడు గానీ అట్ట ప్రింట్ కాలేదు.

అదే రోజు మెల్లగా, "నాకో కాపీ ఇస్తవా? క్యాంపుల పోరగాండ్లకు సూపిస్త" అన్నారు. ఇచ్చి మరిచిపోయాను.

రెండు నెలల తర్వాత ఓ శుక్రవారం, కార్మికులు సెలవురోజు చేరే ఏషియన్ టౌన్‌కి రమ్మన్నారు. క్రికెట్ గ్రౌండ్ వెనక గోడ నీడన ప్లాస్టిక్ చాప పరిచి ఆరుగురు కూర్చున్నారు. బోర్లించిన పెయింట్ బకెట్ మీద ఆయన. గాలికి లేచిపోకుండా కాగితాల మీద స్టీలు స్కేలు పెట్టారు. చూస్తే నా ఆట నా ఆటలా లేదు. గుహ పోయి కొండ మీద ఖిల్లా అయింది. రెక్కల రాక్షసి పోయి గుడ్డెలుగు వచ్చింది. మాయాకత్తి స్థానంలో ఒక కొడవలి ఉంది.

నా మొహంలో ఏం కనిపించిందో, "మార్చుకోవచ్చు అన్నవు గద" అన్నారు అనుమానంగా.

"మార్చుకోవచ్చు" అన్నాను. నిజానికి కొంచెం కినుకగానే అన్నాను.

ఆట మొదలుపెట్టే ముందు ఆయన ఆఖరి పేజీ తీశారు. రూల్స్ రాసినవాళ్ళు, బొమ్మ గీసినావిడ, పాచికల పట్టిక తయారుచేసినాయన, తెలుగు చేసిన నేను. ఒక్కో పేరు కూడబలుక్కుంటూ చదివారు. ఒక్కో పేరుకీ చాప మీదివాళ్ళంతా "ఊఁ" అన్నారు. అందరి పేర్లకీ ఊఁ పడ్డాక గానీ పాచికలు ముట్టుకోనివ్వలేదు. విదేశాల్లో ఎక్కడో కూర్చుని ఆ రూల్స్ రాసిన మనిషికి, తన పేరుకు దోహాలో ఆరుగురు ఊ కొట్టారని తెలిస్తే ఏమనుకునేవాడో.

ఆట సగంలో నిజామాబాద్ వెల్డర్ ఒకతని పాత్రను ఎలుగు చంపేసింది. మా ఇంట్లో అయితే, పాత్ర చచ్చినవాళ్ళు లేచి టీ పెట్టుకుంటారు. ఇక్కడ వెల్డర్ లేవలేదు. చాప చివరికి జరిగి కూర్చున్నాడంతే. అన్నయ్యగారు కథలో ఒక వాక్యం చెప్పి ఆగారు. వెల్డర్ "ఊఁ" అన్నాడు. అప్పుడు రెండో వాక్యం చెప్పారు. మళ్ళీ ఆగారు. "ఊఁ." ఒకచోట వెల్డర్ కావాలని ఊ కొట్టలేదు. ఖిల్లాలోకి అడుగుపెట్టబోతున్నవాళ్ళు కొంప మునిగినట్టు ఆగిపోయారు. "ఏందిరా, ఊఁ అను!" "అనను. ఆ గోడెనుక ఎలుగు తమ్ముడున్నడు, నాకెరుక." చచ్చినవాడు హెచ్చరించాడు, బతికినవాళ్ళు దారి మార్చుకున్నారు. అందరూ ఒకటే నవ్వు.

"ఇది రూల్స్‌లో లేదు కదా అన్నయ్యగారూ?"

"లేదు చెల్లె. సచ్చినోడు పక్కకు పోయి ఫోన్ సూసుకుంట కూసుంటున్నడు. ఆట ఇరిగిపోతున్నది. అందుకే సచ్చినోడు ఊ కొట్టాలె అన్న. ఆడు ఊఁ అనంది కత ముందలికి పోవద్దు." ఏదో చిన్న రిపేరు చేసినట్టు చెప్పారు.

ఎన్ని కథల ఆటలు ఆడానో, ఇంత మంచి రూలు నేను చూడలేదు. కినుక ఎటుపోయిందో తెలియదు. ఇంటికి వెళ్తూ మెట్రోలోనే దాన్ని ఫోన్‌లో రాసుకున్నాను. ఖిల్లా, ఎలుగు, ఊ కొట్టే రూలు, అన్నీ కలిపి రెండో కూర్పు తయారుచేశాను. నెట్‌లో అందరికీ వదిలేముందు క్యాంప్ కోసం కాపీలు తీయిద్దామని ప్రింట్ రూమ్‌కి వెళ్ళాను.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

ఆయన ఆఖరి పేజీ తీసి వేలు పెట్టారు. రూల్స్ రాసినవాళ్ళ పేర్లు చదివారు. బొమ్మ గీసినావిడ పేరు చదివారు. పాచికల పట్టికాయన పేరు. "తెలుగు అనువాదం, మార్పులు, చేర్పులు" అని నా పేరు. వేలు ఆ కింద ఖాళీ కాగితం మీదికి జరిగి, ఒక్క క్షణం అక్కడే నిలిచింది.

"అందరు వచ్చిండ్రా చెల్లె?"

"అందరూ వచ్చారు అన్నయ్యగారూ. మూడుసార్లు చూశాను."

"అయితె యల్లా" అని మీట నొక్కారు.

అంతే. మరో మాట లేదు. ఆ రోజు ఇద్దరం కలిసి టీ కూడా తాగాం. కాపీలు చక్కగా కత్తిరించి, అంచులు సర్ది, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. పెద్ద ఇంజనీరును నిలబెట్టి పేరు వేయించిన మనిషి తన పేరు దగ్గర నోరు మెదపలేదు. అడిగితే వేసేదాన్ని. అడగకపోయినా నాకు తట్టి ఉండాల్సింది. నా దృష్టిలో రూలు రాసేవాళ్ళంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు. బకెట్ మీద కూర్చున్న మనిషి మరో మనిషి ఫోన్ చూసుకుంటున్నాడని రూలు కనిపెడితే అది రచన అని నాకు తట్టలేదు. ఆయన్ని అన్నయ్య అన్నాను గానీ, ఆ పేజీలో చోటివ్వాల్సిన మనిషిగా చూడలేదు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

పైగా ఈ సంగతి నాకు ఆయన బతికుండగా తెలియలేదు. ఆయన పోయిన తొమ్మిదో రోజున, శవపేటిక హైదరాబాద్ మీదుగా ఊరు చేరాక, ఫిలిప్పీన్స్ నుంచి ఒక టీచరమ్మ మెయిల్ రాసింది. యంత్రంతో తర్జుమా చేసుకుని నా ఆట చదివిందట. "చనిపోయిన పాత్ర ఊ కొడితేనే కథ కదిలే రూలు మొదటి ఆటలో లేదు. మా క్లాసులో ఆడే ఆటలో పెట్టుకుంటాను. ఇది ఎవరిది? ఎవరి పేరు వేయాలి?"

గిది ఎవలు గీసిండ్రు చెల్లె, అన్నట్టే ఉంది. ఆఖరి పేజీ తెరిచాను. నా పేరు కింద ఖాళీ కాగితం ఉంది. ఆయన వేలు ఆగిన చోటు అదే. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను.

వెంటనే దిద్దుదామని కూర్చుంటే, ఏం పేరు రాయాలో సందేహం వచ్చింది. కార్డు మీద రెండు ముక్కల పేరుంది. అందులో ఏది ఇంటిపేరో, ఏది ఆయన పేరో ఏనాడూ అడగలేదు. హెచ్ఆర్‌లో నంబర్ తీసుకుని వాళ్ళావిడకు ఫోన్ చేశాను.

"నువ్వేనా, ఆయిన చెప్పేటి ఆఫీస్ చెల్లె?" అంది ఆవిడ. గొంతు బొంగురుపోయి ఉంది. ఆట గురించి చెబితే మొదట నమ్మలేదు. "దుబాయ్‌ల డ్యూటీ అనే ఎరుక మాకు. ఆటలు గూడ ఆడిండా?" అంది. వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. కొంచెంసేపటికి, "మంచిగ నవ్వేటోడా అక్కడ?" అని అడిగింది. నవ్వేవారని చెప్పాను. అది అబద్ధం కానందుకు నాకు ఎంతో ఊరటగా అనిపించింది.

పేరు అడిగాను. కార్డు మీది రెండు ముక్కలూ చదివాను.

"అవి ఆయిన పేరు గాదమ్మా. ఒకటి ఇంటిపేరు, ఒకటి మా మామ పేరు. పాస్‌పోర్టు చేసినప్పుడు ఏజెంటు అవే రాయించిండు, ఆయిన పేరు రాయించుడే మరిచిండు. దిద్దిస్తె వీసా పోతదని గట్లనే పోయిండు. ఫోన్‌ల నవ్వేటోడు, నన్ను మా నాయిన పేరుతోనే పిలుస్తున్నరే, పిలువనీ, గట్లనన్న ఆయినను రోజు ఎవలో ఒకలు యాది చేస్తున్నరు, అని."

అంటే ఆయన పేరు అసలు ఈ దేశంలోకే రాలేదు. మొదట ఏజెంటు మరిచిపోయాడు, తర్వాత నేను.

"వదినగారూ, ఆయన పేరు చెబుతారా?"

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. తర్వాత అంది, "నేను ఎన్నడు నోటితోని పలుకలేదమ్మా. మా దిక్కు పెనిమిటి పేరు పలుకం. పిల్లలను పిలువాల్నంటె బడికి పోయిండ్రు." గొంతు తగ్గించింది. "ఎవలన్న పలుకకుంటె పోతది గద." అని, చిన్నపిల్ల బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. చెప్పాక ఇద్దరం ఏడ్చాం.

ఫోన్ పెట్టేముందు ఒక మాట చెప్పింది. "ఆట కాయితం మీద రాయి. ఇంగ పోయిండు, పోయిండు అని రాసేటి కాయితాల మీద రాయకు. అవి మస్తు సూసిన." అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. కావలసినవాళ్ళు ఆట ఆఖరి పేజీ తెరిస్తే ఉంటుంది.

ఫిలిప్పీన్స్ టీచరమ్మకు రాశాను. వెతికితే అప్పటికే మరో ఇద్దరు ఆ రూలును నా పేరుతో వాడుకున్నారని తేలింది. బెంగళూరు అబ్బాయి ఆ రోజే మార్చేశాడు. రెండో అతను జవాబివ్వలేదు. అందరికీ వదిలేసినదాన్ని వెనక్కి పిలవలేం. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకెవరో తీసుకుని ఉంటారు, నా తప్పూ దానితోపాటే వెళ్ళి ఉంటుంది. ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడ రాస్తూనే ఉంటాను. వేరే దారి తెలియదు.

మొన్న శుక్రవారం కొత్త కాపీలు పట్టుకుని ఏషియన్ టౌన్‌కి వెళ్ళాను. అదే గోడ నీడ, అదే చాప. బకెట్ బోర్లించే ఉంది, దాని మీద ఎవరూ కూర్చోలేదు. స్టీలు స్కేలు కాగితాల మీద పెట్టి ఉంది. కథ చెప్పేది ఇప్పుడు నిజామాబాద్ వెల్డర్. ఒక చేతిలో పాచికలు, ఒక చేతిలో ఆఖరి పేజీ పట్టుకుని పేర్లు మొదలుపెట్టాడు. రూల్స్ రాసినవాళ్ళకు ఊఁ. బొమ్మ గీసినావిడకు ఊఁ. పట్టికాయనకు ఊఁ. నా పేరుకూ ఊఁ అన్నారు, తల దించుకున్నాను.

ఆఖరి పేరు దగ్గర వెల్డర్ ఆగాడు.

"గీయిన ఎవలక్కా? కొత్త పేరు."

వాళ్ళకీ తెలియదు. ఒకే గదిలో పక్క మంచం మీద పడుకున్నవాళ్ళకు కూడా.

"ఊ కొట్టే రూలు చేసినాయన" అన్నాను.

గ్రౌండ్‌లో ఎవరో సిక్స్ కొట్టినట్టున్నారు, గోడ అవతల కేకలు. చాప మీద ఎవరూ కదల్లేదు. ఎవరూ ఊఁ అనలేదు. ఊఁ పడితే గానీ ఆట మొదలవదు, పోయిన మనిషి ఊఁ అంటే గానీ కథ కదలదు. వెల్డర్ కాగితం దగ్గరికి తీసుకుని ఆ పేరు మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మళ్ళీ చదివాడు. చదివి, బకెట్ వైపు చూస్తూ ఆగాడు. పాచికలు అతని గుప్పిట్లోనే ఉన్నాయి.